మూడేళ్లు, నాలుగేళ్ల దివ్యాంగ పిల్లలకు చదువు చెప్పాలంటే ఏ పీజీ శిక్షణ తీసుకోవాలి?

ప్రశ్న: అలిపిరి టీచర్, తిరుపతి

అందరికీ నమస్కారం. నేను తిరుపతిలో ఒక ప్రైవేటు పాఠశాలలో నర్సరీ, ఎల్‌కేజీ పిల్లలకు పాఠాలు చెబుతున్నాను. హోమ్ సైన్స్‌లో ఎమ్మెస్సీ పూర్తిచేసి, ఆ తరువాత సాధారణ బీఎడ్ చదివాను. ఈ రెండు చదువుల్లోనూ శిశు వికాసం గురించి, పిల్లల మనస్తత్వం గురించి చాలానే చదివాను గానీ, వైకల్యం ఉన్న చిన్నపిల్లలకు ఎలా నేర్పాలన్న సంగతి ఒకటి రెండు అధ్యాయాల్లోనే ముగిసిపోయింది. ఆ లోటు ఇప్పుడు తరగతి గదిలో ప్రతిరోజూ నాకు తెలిసివస్తోంది.

నా తరగతిలో సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతినడం వల్ల కండరాల మీద అదుపు తగ్గే స్థితి) ఉన్న నాలుగేళ్ల బాబు ఒకడున్నాడు. చురుకైన పిల్లవాడు. కథ చెబుతుంటే కళ్లార్పకుండా వింటాడు, నవ్వాల్సిన చోట అందరికంటే ముందే నవ్వుతాడు. అయితే కుర్చీలో కూర్చోబెట్టిన కాసేపటికే నడుము జారిపోయి బల్ల కిందికి వచ్చేస్తాడు. చేతికి క్రేయాన్ ఇస్తే పిడికిలి బిగుసుకుపోయి అది విరిగిపోతుంది. ఇంకొక పాప పేరు పెట్టి పిలిచినా పలకదు. నీళ్ల సీసాల మూతలన్నీ తెచ్చి వరుసగా పేర్చుకుంటూ కూర్చుంటుంది, ఆ వరుస ఎవరైనా కదిలిస్తే నేల మీద పడి ఏడుస్తుంది. మా ఇళ్లలో మాటలు ఆలస్యంగానే వస్తాయని వాళ్లమ్మ అంటుంది. ఆ మాట విని ఊరుకోవడానికి నాకు మనసొప్పడం లేదు, ఏం చేయాలో చెప్పడానికి చదువు చాలడం లేదు.

అందుకని ఒక సంవత్సరం, అవసరమైతే రెండేళ్లు ఉద్యోగం మానుకుని అయినా సరే, ఆరేళ్లలోపు దివ్యాంగ పిల్లలకు బోధించడంలో పీజీ స్థాయి శిక్షణ తీసుకోవాలని నిర్ణయించుకున్నాను. నా సందేహాలు ఇవి. ఒక బీఎడ్ ఉండగా మళ్లీ ప్రత్యేక విద్యలో బీఎడ్ చేయడం అవసరమా, లేక ఎర్లీ ఇంటర్వెన్షన్‌లో, అంటే పసి వయసులోనే ఇబ్బందిని గుర్తించి శిక్షణ మొదలుపెట్టడంలో, పీజీ డిప్లొమా సరిపోతుందా? ప్రత్యేక బీఎడ్‌లో వినికిడి లోపం, దృష్టి లోపం, మేధో వైకల్యం అంటూ ఏదో ఒక విభాగాన్ని ఎంచుకోమంటున్నారు. నా దగ్గరికి వచ్చే పిల్లల్లో చాలామందికి వైకల్యం ఏమిటో ఇంకా తేలనే లేదు, అలాంటప్పుడు ఏ విభాగం తీసుకోవాలి? తిరుపతి నుంచి వెళ్లేవారికి చెన్నై మేలా, సికింద్రాబాద్ మేలా? ఈ రంగంలో పనిచేస్తున్నవారు, తల్లిదండ్రులు కూడా దయచేసి చెప్పగలరు.


సమాధానం: చిత్తూరు ప్రత్యేక ఉపాధ్యాయిని

అమ్మా, మీ ప్రశ్నలో అసలు విషయం చివర్లో ఉంది. వైకల్యం ఏమిటో తేలకముందే పిల్లలు మన దగ్గరికి వస్తారన్నారు చూడండి, చిన్నపిల్లల ప్రత్యేక విద్య బడి పిల్లల ప్రత్యేక విద్యకు భిన్నమయ్యేది అక్కడే. ఐదేళ్లలోపు బిడ్డకు వైద్యులు చాలాసార్లు ఎదుగుదలలో ఆలస్యం అని మాత్రమే రాస్తారు. పేరు తేలేదాకా ఆగితే బిడ్డ వయసు ఆగదు కదా. కాబట్టి పేరుతో నిమిత్తం లేకుండా, బిడ్డ ఈ రోజు ఏం చేయగలుగుతోంది, రేపటికి ఏం నేర్పవచ్చు అని చూడగలిగే శిక్షణ మీకు కావాలి.

ముందుగా చట్టం సంగతి చెబుతాను. 1992 నాటి భారత పునరావాస మండలి చట్టం ప్రకారం, ప్రత్యేక ఉపాధ్యాయులుగా పనిచేసేవారు ఆ మండలి నిర్వహించే కేంద్ర పునరావాస రిజిస్టరులో పేరు నమోదు చేయించుకోవాలి. అందరూ ఆర్‌సీఐ నంబరు అంటారే, అదే ఇది. మీ ఎమ్మెస్సీ, సాధారణ బీఎడ్ రెండూ విలువైన చదువులే అయినా వాటితో ఈ నంబరు రాదు. ఆన్‌లైన్‌లో కొన్ని వారాల్లో సర్టిఫికెట్ ఇస్తామని ప్రకటించే కోర్సులతోనూ రాదు. అందువల్ల మీరు ఏ కోర్సు చూసినా, దానికీ, దాన్ని నడిపే సంస్థకూ ఆ సంవత్సరానికి ఆర్‌సీఐ ఆమోదం ఉందో లేదో మండలి జాబితాలో చూసుకున్న తరువాతే రుసుము కట్టండి.

ఇక మీరు అడిగిన పోలిక. ప్రత్యేక బీఎడ్ పాఠ్య ప్రణాళిక ప్రధానంగా బడి చుట్టూ అల్లినది. పాఠ్యాంశాన్ని పిల్లవాడికి తగినట్టు మార్చడం, వ్యక్తిగత విద్యా ప్రణాళిక రాయడం, పరీక్షల్లో వెసులుబాట్లు, సహాయక పరికరాలు వంటివి అందులో బాగా నేర్పుతారు. ఆ కోర్సు చేసి వచ్చిన వారికి ఏడేళ్ల బిడ్డను అప్పగిస్తే చక్కగా చూసుకుంటారు. రెండేళ్ల బిడ్డను, పక్కన భయంతో నిలబడిన తల్లిని అప్పగిస్తే మాత్రం చాలామంది తడబడతారు, ఎందుకంటే ఆ వయసు పిల్లలతో గడిపే గంటలు శిక్షణలో వారికి తక్కువగా దొరుకుతాయి. ఎర్లీ ఇంటర్వెన్షన్ పీజీ డిప్లొమా దీనికి భిన్నం. ఏడాది కోర్సులో పుట్టిన నాటి నుంచి ఆరేళ్ల వరకు ఉండే వికాసం, వైకల్యం వచ్చే ప్రమాదం ఉన్న పసికందులను గుర్తించడం, కుటుంబంతో కలిసి పనిచేయడం ప్రధానంగా ఉంటాయి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని జాతీయ మేధో దివ్యాంగుల సాధికారత సంస్థ, చెన్నై దగ్గర ముట్టుకాడులోని జాతీయ బహుళ వైకల్యాల సంస్థ ఈ కోర్సును నడిపిన సంస్థలే. 1984లో ఏర్పడిన మొదటిదాన్ని పాతవాళ్లు ఇప్పటికీ ఎన్‌ఐఎంహెచ్ అనే పిలుస్తారు. ఫిజియోథెరపీ, స్పీచ్, సైకాలజీ, ప్రత్యేక విద్య వంటి వేర్వేరు నేపథ్యాల వారు ఒకే గదిలో కూర్చుని చదవడం ఈ కోర్సులో నాకు అన్నిటికంటే నచ్చే విషయం.

అది ఎందుకంత ముఖ్యమో మీ తరగతి బాబు విషయంలోనే చెబుతాను. ఆ బిడ్డకు క్రేయాన్ పట్టించడం రెండో పని. మొదటిది కూర్చోబెట్టడం. పిరుదులు కుర్చీ వెనక్కి ఆనేటట్లు, పాదాలు గాలిలో వేలాడకుండా కింద ఒక పీట మీద పూర్తిగా ఆనేటట్లు, బల్ల మోచేతి ఎత్తులో ఉండేటట్లు సర్దితే, నడుము నిలబెట్టుకోవడానికి వాడు పడే శ్రమ తగ్గి చేతులకు స్వేచ్ఛ దొరుకుతుంది. ఈ సంగతి ఫిజియోథెరపిస్టు పక్కన నిలబడి చూసి నేర్చుకోవాలి, పుస్తకంలో బొమ్మ చూస్తే రాదు. తరువాత తిండి. మా కేంద్రానికి వచ్చే ఇలాంటి పిల్లలకు చెంచాతో తినడం నేర్పేటప్పుడు మేము రసం అన్నంతో మొదలుపెట్టం, రాగి సంగటితో మొదలుపెడతాం. సంగటి చెంచాకు అంటుకుని ఉంటుంది, చెయ్యి వణికినా జారిపోదు. చెంచా కాడకు పాత గుడ్డ చుట్టి లావు చేస్తాం. ఉపాధ్యాయురాలు బిడ్డ వెనుక కూర్చుని, బిడ్డ చేతి మీద తన చెయ్యి ఉంచి సంగటి తీసి నోటి దగ్గరి దాకా తీసుకెళ్లి, చివరి రెండంగుళాల దూరం బిడ్డనే పూర్తిచేయనిస్తుంది. అది వచ్చాక సాయాన్ని ఇంకొంచెం ముందు నుంచే తగ్గిస్తుంది. ఇలా పనిని చివరి మెట్టు నుంచి మొదటి మెట్టుకు నేర్పితే, ప్రతి ముద్దకూ తానే పూర్తిచేశానన్న సంతోషం బిడ్డకు దక్కుతుంది. ఒక చెంచా సంగటిలో కండరాల నియంత్రణ, బోధన పద్ధతి, ఇంటి వంట, తల్లి ఓపిక ఇన్ని కలిసి ఉన్నాయి. వీటిని వేరువేరు పేపర్లుగా చదివిస్తే సరిపోదని, ఒకేచోట కలిపి చేయించే శిక్షణే శిక్షణ అని నేను గట్టిగా నమ్ముతాను.

బిడ్డ ఎదుగుదలను అంచనా వేసి నేర్పడానికి వాడే పనిముట్ల విషయంలో కూడా దక్షిణ భారతంలో మనకు మంచి వారసత్వం ఉంది. చెన్నైలోని మధురం నారాయణన్ కేంద్రం రూపొందించిన ఉపనయన్ కార్యక్రమం, మద్రాస్ డెవలప్‌మెంటల్ ప్రోగ్రామింగ్ సిస్టమ్, తిరువనంతపురం శిశు వికాస కేంద్రం వారి స్క్రీనింగ్ చార్టు, పాత ఎన్‌ఐఎంహెచ్ తయారుచేసిన ఎఫ్‌ఏసీపీ చెక్‌లిస్టు ఇక్కడి పిల్లలను చూసి రాసినవి. ఎఫ్‌ఏసీపీలో పూర్వ ప్రాథమిక స్థాయికి ప్రత్యేకంగా ఒక భాగం ఉంది. కోర్సులో చేరాక కాదు, ఇప్పుడే వీటిని సంపాదించి చదవడం మొదలుపెట్టండి.

ఒక్కమాట ఆ పాప గురించి. పేరు పిలిస్తే పలకని బిడ్డకు ఆటిజమని ఎవరో ఒకరు అనేలోపు వినికిడి పరీక్ష జరిగి తీరాలి. వినికిడి లోపం విషయంలో పుట్టిన నెలలోపు పరీక్ష, మూడు నెలల్లోపు నిర్ధారణ, ఆరు నెలల్లోపు శిక్షణ మొదలు అన్నది వైద్యులు పాటించే లెక్క. మీ పాప ఆ వయసు దాటిపోయింది కాబట్టి ఇంకా తొందరపడాలి. వినికిడి లోపమని తేలితే, తిరుపతిలోనే తిరుమల తిరుపతి దేవస్థానం నడిపే శ్రవణం కేంద్రంలో చిన్నపిల్లలకు తల్లులతో పాటు శిక్షణ ఇస్తారు. తల్లి కూడా బిడ్డతో కూర్చుని నేర్చుకునే పద్ధతిని దగ్గరి నుంచి చూడాలనుకుంటే, మీరు కూడా అనుమతి తీసుకుని ఒకసారి వెళ్లి రండి.


సమాధానం: శ్రీకాళహస్తి అభ్యర్థి

ఉద్యోగం వైపు నుంచి ఒక సూచన చేస్తాను. ప్రత్యేక ఉపాధ్యాయుల కొరతపై 2021 అక్టోబరులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చాక, 2022లో కేంద్రం ప్రాథమిక తరగతుల్లో పదిమంది దివ్యాంగ విద్యార్థులకు ఒకరు, 6 నుంచి 8 తరగతుల్లో పదిహేనుమందికి ఒకరు చొప్పున ప్రత్యేక ఉపాధ్యాయులు ఉండాలని నిర్దేశించింది. 2025లో మన రాష్ట్ర ప్రభుత్వం 2,260 ప్రత్యేక ఉపాధ్యాయ పోస్టులను మంజూరు చేసింది. ఈ పోస్టులకు ప్రత్యేక విద్యలో డీఎడ్, బీఎడ్ వంటి బోధన అర్హతలనే చూస్తారు కాబట్టి, ప్రభుత్వ ఉద్యోగం కూడా మీ ఆలోచనలో ఉంటే ఎర్లీ ఇంటర్వెన్షన్ డిప్లొమా ఒక్కదాని మీద ఆధారపడకండి. 2020 జాతీయ విద్యా విధానం తరువాత ఉపాధ్యాయ శిక్షణ నాలుగేళ్ల సమీకృత కోర్సుల వైపు మళ్లుతోంది, ప్రత్యేక బీఎడ్ కాలవ్యవధి కూడా ఆ మార్పులో భాగమే. పాత సీనియర్లు చెప్పినదాన్ని పట్టుకోకుండా మీరు చేరే ఏడాది ప్రకటననే ప్రమాణంగా తీసుకోండి.


సమాధానం: పలమనేరు తల్లి

టీచర్ గారూ, మీ పోస్టు చదివి రాయకుండా ఉండలేకపోయాను. నా కొడుక్కి ఆటిజం. బెంగళూరు, తిరుపతి రెండు చోట్లా తిరిగాం. ఒక శిక్షణ కేంద్రంలో తలుపు వేసుకుని లోపల ఏం నేర్పారో నాకు తెలియదు, బయటికి వచ్చాక ఒక కాగితం చేతిలో పెట్టి ఇవన్నీ ఇంట్లో చేయించమన్నారు. ఆ కాగితంలో రంగులు గుర్తించడం, పూసలు గుచ్చడం ఉన్నాయి. ఇంట్లో నా కష్టం రంగులతో కాదు, పొద్దున్నే స్నానంతో. తల మీద నీళ్లు పడితే వీడు వీధి చివరి దాకా వినిపించేలా అరిచేవాడు.

తరువాత మాకు ఒక ప్రత్యేక ఉపాధ్యాయిని దొరికింది. ఆమె మొదటి రోజు వీడికి ఏమీ నేర్పలేదు. మా ఇంటికి వచ్చి, స్నానం వేళకు పెరట్లో ఒక మూల నిలబడి చూసింది. మా అత్తతో మాట్లాడింది, బిడ్డకు ఏది ఇష్టం, ఏ వేళకు చిరాకు పడతాడు, ఎవరి దగ్గర నిమ్మళంగా ఉంటాడు అని అడిగింది. మరుసటి రోజు నుంచి, చెంబు ముందు వాడి కళ్లకు చూపించి, పోస్తున్నాను అని ఒకే మాట ఎప్పుడూ ఒకే తీరున చెప్పి, పాదాల మీద మొదలుపెట్టి మోకాళ్లకు, చేతులకు, చివరగా తలకు పోయమంది. పోసే ముందు ఒక క్షణం ఆగి వాడి ముఖం వైపు చూడమంది. ఆ ఆగడమే పాఠమని అప్పుడు నాకు తెలియదు. కొన్నాళ్లకు నేను ఆగిన చోట వాడే చెంబును నా చేతి వైపు నెట్టాడు. నా కొడుకు నన్ను అడిగిన మొదటి కోరిక అదే. ఆ తరువాత అదే పద్ధతిలో ఊయల, మురుకులు, బస్సు బొమ్మ అడగడం నేర్చుకున్నాడు. మాట కూడా అక్కడి నుంచే మొదలైంది, పోచ్చు అంటాడు చెంబు చూపిస్తే.

అందుకని మీరు ఏ కోర్సు చదివినా, ఒకరి ఇంటికి వెళ్లి తొందరపడకుండా చూడడం, అత్తల మాటలు, అవ్వల మాటలు గౌరవంగా వినడం, తల్లికి ఇంకో పని పెంచకుండా ఆమె ఎలాగూ చేసే పనిలోనే పాఠాన్ని కలపడం అక్కడ నేర్పుతారో లేదో కనుక్కోండి. ఇంకొకటి, బిడ్డ గురించి తల్లికి చెప్పేటప్పుడు ముందు వాడికి వచ్చినవి చెప్పండి. రానివాటి జాబితా మాకు అందరూ ఇస్తారు. మీ తరగతిలోని పాప తల్లి ఆ మాట అనడం వెనుక భయం ఉంటుంది. ఆమెను తప్పుపట్టకుండా, పాప ఏం చేస్తోందో ఆమెతో కలిసి కూర్చుని చూడండి.


ప్రశ్న అడిగినవారు: అలిపిరి టీచర్, తిరుపతి

ముగ్గురికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. పలమనేరు అక్కా, మీరు రాసినది నాలుగైదుసార్లు చదివాను. వినికిడి పరీక్ష గురించి పాప తల్లితో మాట్లాడాను, వాళ్లాయనతో కలిసి వెళ్లడానికి ఒప్పుకుంది. ఇంకొక విషయం అడగాలి. మా అన్న అమెరికాలో ఉంటాడు. చిన్నపిల్లల ప్రత్యేక విద్యలో అక్కడ మాస్టర్స్ కోర్సులే ఉన్నాయని, వచ్చి చదువుకోమని అంటున్నాడు. ఖర్చు ఒక పక్క, తిరిగి వచ్చి ఇక్కడే పనిచేయాలన్న నా ఉద్దేశం ఒక పక్క ఉన్నాయి. అక్కడి శిక్షణ గురించి తెలిసినవారు చెప్పగలరా?


సమాధానం: పుత్తూరు ఆడపడుచు, అమెరికా

నేను పుత్తూరులో పుట్టి పెరిగి, ఇక్కడ ఈ కోర్సే చదివి, ప్రస్తుతం మూడేళ్లలోపు పిల్లలతో పనిచేస్తున్నాను. కాబట్టి చెప్పగలను.

ఇక్కడ ఈ చదువు విడిగా ఎదగడానికి కారణం చట్టం. 1986లో అమెరికా కాంగ్రెస్ చేసిన సవరణతో, పుట్టిన నాటి నుంచే శిశువులకు సేవలు అందించే కార్యక్రమం రాష్ట్రాల్లో మొదలైంది. ఇప్పుడు దివ్యాంగుల విద్యా చట్టంలో సీ భాగం మూడో పుట్టినరోజు వరకు, బీ భాగం మూడేళ్లు నిండినప్పటి నుంచి వర్తిస్తాయి. మూడేళ్లలోపు బిడ్డకు రాసేది వ్యక్తిగత కుటుంబ సేవా ప్రణాళిక. అందులో బిడ్డతో పాటు కుటుంబానికి ఏం కావాలో కూడా రాయాలి, ఆరు నెలలకోసారి సమీక్షించాలి. బిడ్డను కార్యక్రమానికి పంపిన 45 రోజుల్లో పరీక్షలు, మొదటి ప్రణాళిక సమావేశం పూర్తికావాలి. సేవలు వీలైనంత వరకు బిడ్డ సహజంగా ఉండే చోట, అంటే ఇంట్లోనో శిశు సంరక్షణ కేంద్రంలోనో జరగాలి. చట్టం ఇలా ఉన్నందువల్ల, ఆ పని చేయగలవారిని తయారుచేయడానికి విశ్వవిద్యాలయాలు ప్రత్యేకంగా మాస్టర్స్ కోర్సులు నడుపుతున్నాయి. మన దేశంలో 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించి, నిర్దేశిత స్థాయి వైకల్యం ఉన్న పిల్లలకు ఉచిత విద్యాహక్కును 6 నుంచి 18 ఏళ్ల వరకు చెప్పింది. ఆరేళ్ల లోపు వయసుకు అంత స్పష్టమైన హక్కు రాయకపోవడం వల్లే ఆ వయసు ఉపాధ్యాయుల శిక్షణ కూడా పలచగా ఉందని నా అభిప్రాయం.

కోర్సులో నాకు అన్నిటికంటే ఉపయోగపడినది పర్యవేక్షణలో చేసే పని. ఒక విడత పసిపిల్లల ఇళ్లకు వెళ్లాలి, మరొక విడత మూడు నుంచి ఐదేళ్ల పిల్లల తరగతిలో పనిచేయాలి. మేము తల్లితో మాట్లాడేది వీడియో తీసుకుని, తరువాత అధ్యాపకురాలితో కలిసి చూసేవాళ్లం. నేను ఎంతసేపు మాట్లాడానో, తల్లిని ఎంతసేపు మాట్లాడనిచ్చానో ఆవిడ లెక్కపెట్టి చూపించేది. మెక్‌విలియం అనే విద్యావేత్త రూపొందించిన దినచర్యల ఇంటర్వ్యూ ఇక్కడ చాలాచోట్ల నేర్పుతారు. నిద్ర లేచింది మొదలు పడుకునే దాకా ఒక్కో వేళ ఇంట్లో ఏం జరుగుతుంది, ఆ వేళ బిడ్డ ఏం చేస్తుంది, ఆ వేళతో తల్లికి ఎంత తృప్తిగా ఉంది అని వరుసగా అడుగుతూ, లక్ష్యాలను తల్లి చేతనే ఎంపిక చేయించే పద్ధతి అది. పలమనేరు అక్కగారి ఇంట్లో ఆ ఉపాధ్యాయిని చేసినది సరిగ్గా ఇదే. ఇది నేర్చుకోవడానికి సముద్రాలు దాటి రావాల్సిన పనిలేదన్నది ఆమె రాసిన దానితో తేలిపోయింది కదా.

ఖర్చు విషయం దాచకుండా చెబుతాను. ఈ రంగంలో శిక్షణకు ఇక్కడి ఫెడరల్ ప్రభుత్వం మంచి ఉపకార వేతనాలు ఇస్తుంది, చదువు ముగిశాక నిర్ణీత కాలం ఈ రంగంలోనే పనిచేయాలన్న షరతుతో. కానీ అవి పౌరులకు, శాశ్వత నివాసులకు మాత్రమే. విద్యార్థి వీసా మీద వచ్చేవారు సొంత ఖర్చు పెట్టుకోవాలి. లైసెన్సు రాష్ట్రానికో తీరుగా ఉంటుంది. ఇక్కడి పట్టాతో తిరిగి వెళితే ఆర్‌సీఐ నమోదు దానంతటదే రాదు, ముందే మండలికి రాసి జవాబు తెప్పించుకోవాలి. తిరిగి వచ్చి తిరుపతిలోనే పనిచేయాలన్నది మీ నిశ్చయమైతే, ఆ డబ్బుతో అక్కడే రెండు కోర్సులు చేయవచ్చు. ఇక్కడి వృత్తి సంఘమైన డివిజన్ ఫర్ ఎర్లీ చైల్డ్‌హుడ్ 2014లో ప్రకటించిన సిఫారసు చేసిన పద్ధతులు అంతర్జాలంలో ఉచితంగా దొరుకుతాయి. కుటుంబం, బోధన, పరిసరాలు అన్న విభాగాలు ముందుగా చదవండి. అందులో కొన్ని మన ఉమ్మడి కుటుంబాలకు అతకవు. ఇక్కడ తల్లిదండ్రులు ఇద్దరే నిర్ణయిస్తారు, మన దగ్గర తాత ఒప్పుకోకపోతే వినికిడి యంత్రం బీరువాలోనే ఉండిపోతుంది. ఆ తేడాను మీరు మీ పనిలో సరిచూసుకోవాలి.


సమాధానం: చిత్తూరు ప్రత్యేక ఉపాధ్యాయిని

పుత్తూరు చెల్లెలు చెప్పిన దానితో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. ఆరేళ్లలోపు వయసు విషయంలో మాత్రం ఒక చిన్న చేర్పు. ఇక్కడ హక్కు రాతలో స్పష్టంగా లేకపోయినా పని జరిగే చోట్లు పెరుగుతున్నాయి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పిల్లలను పరీక్షించే బృందాలు, జిల్లా స్థాయి ఎర్లీ ఇంటర్వెన్షన్ కేంద్రాలు ఉన్నాయి. 2021లో కేంద్రం దేశంలో 14 చోట్ల అన్ని వైకల్యాలకూ కలిపి ఎర్లీ ఇంటర్వెన్షన్ కేంద్రాలు తెరిచినప్పుడు సికింద్రాబాద్, చెన్నైలతో పాటు మన నెల్లూరులోని దివ్యాంగుల ప్రాంతీయ కేంద్రం కూడా వాటిలో ఉంది. 2023 నవంబరులో అంగన్‌వాడీలకు దివ్యాంగ బాలల ప్రోటోకాల్ వచ్చింది. ఎదుగుదలలో తేడాను గుర్తించడం, బిడ్డను కేంద్రంలో అందరితో కలపడం, ఆశా కార్యకర్తల ద్వారా, వైద్య బృందాల ద్వారా పై కేంద్రాలకు పంపడం అందులో ఉన్నాయి. అంగన్‌వాడీ కార్యకర్తలకు పక్కన నిలబడి చూపించగలిగే మనిషి ప్రతి మండలంలో కావాలి, మీలాంటివారు ఆ పనికే రావాలని నా కోరిక.

మీ పరిస్థితికి నా సలహా అడిగితే, ఎర్లీ ఇంటర్వెన్షన్ డిప్లొమాను ముందు పెట్టుకోండి. ఆ తరువాత, పోస్టుల సంగతి చూసుకుని ప్రత్యేక బీఎడ్ చేయండి. బీఎడ్‌లో విభాగం ఎంచుకోవాల్సి వచ్చినప్పుడు మేధో వైకల్యం గానీ బహుళ వైకల్యాలు గానీ తీసుకుంటే, మీ తరగతి వయసు పిల్లల్లో కనిపించే పలు రకాల ఇబ్బందులు అందులోకి వస్తాయి. ఎంఎడ్ గురించి ఇప్పుడే ఆలోచించనక్కర్లేదు. అది ఉపాధ్యాయులను తయారుచేయాలనుకునేవారికి అవసరం, పిల్లలతో పనిచేయడానికి కాదు. చెన్నైకా, సికింద్రాబాద్‌కా అన్నదానికి దూరం ఒక్కటే కొలత కాదు. తిరుపతి నుంచి చెన్నై దగ్గర, ఆదివారం ఇంటికి వచ్చి వెళ్లవచ్చు. అయితే ముట్టుకాడుకు వచ్చే తల్లుల్లో ఎక్కువమంది తమిళం మాట్లాడతారు, తల్లితో మాట్లాడడమే సగం పనైన ఈ చదువులో అది చిన్న విషయం కాదు. సరిహద్దు మనుషులం కాబట్టి మీకు తమిళం వచ్చి ఉంటే చెన్నై, లేకపోతే తెలుగు తల్లులు ఎక్కువగా వచ్చే సికింద్రాబాద్ ఎంచుకోండి.

దరఖాస్తు చేయకముందే ఒకసారి స్వయంగా వెళ్లండి. కార్యాలయంలో రుసుము, హాస్టలు కనుక్కున్న తరువాత, ఆ కోర్సు పూర్తయ్యాక ఆర్‌సీఐ ఏ విభాగం కింద నమోదు చేస్తుందో స్పష్టంగా అడగండి. ఆ నమోదును ఐదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి, మధ్యలో నిరంతర శిక్షణ పాయింట్లు సంపాదించాలి, ఆ సంగతి కూడా అక్కడే తెలుసుకోండి. తరువాత చదువుతున్న విద్యార్థులను కలిసి, ఒక్కొక్కరు ఎంతమంది మూడేళ్లలోపు పిల్లలతో, ఎన్ని వారాలు పనిచేశారో, ఆ సమయంలో అధ్యాపకులు పక్కన ఉన్నారో లేదో అడగండి. పిల్లల పేర్లు, వివరాలు కనిపించకుండా ఒక పాత కేస్ రికార్డు చూపించమనండి. అందులో పరీక్షల మార్కులు, చార్టులు మాత్రమే ఉన్నాయా, ఇంటికి వెళ్లి చూసిన రోజుల వివరాలు, తల్లి స్వయంగా కోరిన లక్ష్యాలు కూడా ఉన్నాయా అన్నది చూసి, రెండో రకం రికార్డులు రాయించే చోటనే చేరండి.